బ్రేకునందలి పొదుపు

గృహమున దుబారా యెక్కడ జరుగుచున్నదో గృహిణి కన్ను ముందుగా పసిగట్టును. బియ్యము కడిగిన నీటిని, వార్చిన గంజిని పారబోయక కుడితి గోలెములో పోయుట మన పల్లెలయందు తరతరములుగా వచ్చుచున్న యాచారము. పారబోసినచో కాలువ పాలగు నీరే కుడితియైనచో గేదె పొదుగున పాలై మరల మన యింటికి వచ్చును. హైబ్రిడ్ అను పేరుతో నేడు వాడుకలోనికి వచ్చిన కార్లలో, పెట్రోలు విషయమున ఈ కుడితి న్యాయమే నడచుచున్నది. దీనిని రీజెనరేటివ్ బ్రేకింగు అందురు. అనగా బండి నాపునపుడు వృథా కావలసిన శక్తిని మరల రాబట్టుకొను పద్ధతి.

యంత్రముల సంగతి స్త్రీలకేల యని కొందఱనవచ్చును. మిరపయు ప్రత్తియు పండించు పర్చూరు ప్రాంతమున, పంట కలిసివచ్చిన యేడు కారు కొనవలెనను తలంపు అనేక గృహములలో పుట్టుచున్నది. ఆ సొమ్ము కూలికి, ఎరువులకు, పురుగుమందులకు పోగా మిగిలిన సొమ్ము. హైబ్రిడ్ బండికి మామూలు పెట్రోలు బండికంటె అధికముగ వెల పెట్టవలసియుండును. పెట్టిన అధికపు వెల తిరిగి వచ్చునా రాదా యను లెక్క ఇంటి యిల్లాలికి తెలియకున్న, ఆ సంసారమునకు తెలిసినట్లెట్లగును? అదియునుగాక బిడ్డలను బడికి దింపుటకు, చీరాల బజారునకు పోవుటకు తామే బండి నడపుకొను సోదరీమణులు నేడు మనలో నెందఱో కలరు. కావున ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా బ్రేకు చేయు పనిని చూతము. కుటుంబమంతయు కూర్చున్న యొక కారు 1500 కిలోల బరువు కలదనుకొందము. అది గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా దానియం దిమిడియున్న శక్తి రమారమి 58 వాట్-గంటలు. పూర్వము మన యిండ్లలో వెలిగిన 60 వాట్ల బల్బు ఇంచుమించు గంటసేపు వెలుగుటకు చాలిన శక్తి యది. మామూలు బండిలో బ్రేకు త్రొక్కగానే ప్యాడ్లు డిస్కును ఒరయును. ఆ శక్తియంతయు వేడియై గాలిలో కలియును. పెట్రోలు కాల్చి సంపాదించిన వేగము, స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారియు ఇట్లు బూడిదలో పోసిన పన్నీరగుచున్నది. వేగము రెట్టింపైన ఈ శక్తి నాలుగు రెట్లగును. కాబట్టి ఎంత వేగమునుండి ఆపినచో అంత నష్టము.

ఈ నష్టము నాపు నుపాయము క్రొత్తది కాదు. అయస్కాంతముదాపున తీగచుట్టను కదల్చిన విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. విద్యుత్తు నిచ్చిన తిరుగు మోటారునే, మనము బలవంతముగా త్రిప్పితిమేని, అది విద్యుత్తు నిచ్చు డైనమో యగును. సైకిలుకు డైనమో దీపము కట్టుకొని త్రొక్కినవారికి దీని మర్మము కాళ్ళకే తెలిసియుండును. డైనమోను టైరునకు ఆనించగానే దీపము వెలుగును, సైకిలు బరువెక్కును. ఆ బరువే ఇచట బ్రేకు. హైబ్రిడ్ బండిలో పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్తు మోటారును, దానికి తగిన బ్యాటరీయు నుండును. పాదము బ్రేకుపై నానగానే మోటారు డైనమోగా మారి చక్రముల వేగమును తగ్గించును. అందు పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో చేరును. మరల బండి కదలునపుడు ఆ విద్యుత్తే మోటారును త్రిప్పును. గంజియంతయు పాలు కానట్లే, పోయిన శక్తియంతయు తిరిగి రాదు. మోటారునందు కొంత, బ్యాటరీయందు కొంత తరుగు తప్పదు.

ఈ విధమైన కార్లను పెద్దయెత్తున మొదట అమ్మినది జపానులోని టయోటా కంపెనీ. వారి ప్రయస్ అను బండి 1997లో వచ్చెను. మన దేశమున 2022లో టయోటావారి అర్బన్ క్రూజర్ హైరైడరు, మారుతి సుజుకివారి గ్రాండ్ విటారా అను ఎస్.యూ.వీ. బండ్లు ఈ యేర్పాటుతో వెలువడెను. ఇచట మన సోదరీమణులు జాగరూకత వహింపవలసిన విషయ మొకటి గలదు. గ్రాండ్ విటారా వెలువడినపుడు అందు రెండు తరగతులుండెను. రెంటి పేరునందును హైబ్రిడ్ అను మాట యున్నది. మొదటిది స్వల్ప హైబ్రిడ్. అందలి చిన్న మోటారు ఇంజనుకు చేయూత నిచ్చునేకాని తానొక్కతియే బండిని లాగుకొనిపోజాలదు. బ్రేకు వేళ అది రాబట్టు శక్తియు స్వల్పమే. రెండవది పూర్ణ హైబ్రిడ్. అందు మోటారు కొంతదూరము ఒంటరిగా బండిని నడపగలదు. బ్రేకు వేళ ఎక్కువ శక్తిని గ్రహింపగలదు. కంపెనీవారు ప్రకటించిన లెక్కలనుబట్టి లీటరు పెట్రోలునకు మొదటిది గేర్ల బండియైనచో 21.11 కిలోమీటర్లు, రెండవది 27.97 కిలోమీటర్లు పోవును. ఈ భేదమంతయు బ్రేకు మహిమయని తలంపరాదు. నిలిచినపుడును మెల్లగా పోవునపుడును ఇంజను ఆగిపోవుటవలన గూడ పెట్రోలు మిగులును. మఱియు పరీక్షలో వచ్చిన లెక్క మన దారులలో యథాతథముగా రాదు. అయినను పేరు చూచి మోసపోక, ఏ తరగతి హైబ్రిడ్ అని అడిగి తెలిసికొనుట మన ధర్మము.

ఇక మన దారుల మాట. పర్చూరునుండి చీరాలకు పోవునపుడు ఊరూరను స్పీడు బ్రేకర్లు, బడి వదలినవేళ పిల్లలు, మిరపకోతల దినములలో టిక్కీలు నింపుకొని మెల్లగా సాగు ట్రాక్టర్లు, సాయంకాలము ఇండ్లకు మరలు గేదెల మందలు ఎదురగును. ఇట్టి దారిలో మాటిమాటికి ఆపుట, కదలుట తప్పదు. గుంటూరు బజారులలో ఇది మఱింత యధికము. ఇట్టిచోట్లనే ఈ బ్రేకు తన విలువను చూపును. చిలకలూరిపేట దాటి జాతీయ రహదారిపై ఒకే వేగమున విజయవాడకు పోవువారికి బ్రేకు త్రొక్కు నవసరమే అరుదు. అవసరము లేనిచోట రాబడియు లేదు. నెలలో మన తిరుగుడు ఊళ్ళ నడుమ నెంత, రహదారిపై నెంత అని ముందుగా లెక్క వేసికొన్నవారు బండి కొన్నపిదప చింతింపరు.

బండి యొకటే యైనను, నడపు తీరునుబట్టి ఫలము మారును. దూరమున అడ్డు కనబడగానే పెట్రోలు పెడలునుండి పాదము తీసి, బ్రేకును మెత్తగా, ముందునుండియే అదిమినచో మోటారే చాలవఱకు బండిని నిలుపును. దగ్గఱకు పోయి ఒక్కసారిగా త్రొక్కినచో మోటారు అంత శక్తిని గ్రహింపలేదు. మామూలు బ్రేకులు కలుగజేసికొనును, మిగిలినది వేడియై పోవును. శక్తి బ్యాటరీలోనికి పోవుచున్నదో లేదో ఎదుటనున్న పలకపై ముల్లు చూపుచుండును. అయితే పసిబిడ్డయో పశువో హఠాత్తుగా అడ్డు వచ్చినపుడు పొదుపు మాట తలపునకే రారాదు. బలముగా త్రొక్కవలసినదే. అట్టి సమయమునకే మామూలు బ్రేకులును బండిలో నున్నవి.

దిగుడు కనబడగానే గేరు న్యూట్రల్‌లో వేసి, పెట్రోలు మిగిల్చితిమని సంతసించు అలవాటు మనవారిలో గలదు. హైబ్రిడ్ బండిలో ఇది రెండు విధముల నష్టము. న్యూట్రల్‌లో నుండగా బ్యాటరీకి విద్యుత్తు చేరదు. మోటారు చేయవలసిన నిరోధమును పోవును. కొండదారులందు ఇది ప్రాణాపాయము.

కొండదారి యనగా మనవారికి ముందుగా తోచునది తిరుమల. కొండపైనుండి తిరుపతికి దిగుటలో బండి రమారమి 700 మీటర్ల ఎత్తు కోల్పోవును. ఇందాక చెప్పిన బరువుగల బండియైనచో, ఆ దిగుటలో వెలువడు శక్తి మూడు యూనిట్లకు కొంచెము తక్కువ. మనము పేర్కొన్న పూర్ణ హైబ్రిడ్ బండ్ల బ్యాటరీ 0.76 యూనిట్ మాత్రమే పట్టును. ఆకాశమునుండి దూకిన గంగను శివుని జటాజూటము తనలో నిముడ్చుకొని మెల్లగా విడిచినది. మన బ్యాటరీకి అంత విశాలత లేదు. గాలియు నేలయు కొంత శక్తిని హరించినను, దారి ముగియకమున్నే బ్యాటరీ నిండును. నిండినపిదప మోటారు బ్రేకు పట్టు సడలును. అందువలన ఈ బండ్లలో గేరుకఱ్ఱ కడ బి అను స్థానము నేర్పరచిరి. దిగుట మొదలిడగానే అందులో వేసినచో ఇంజను నిరోధము గూడ తోడై బండిని పట్టి నిలుపును. ఇది తెలియక పాదమును బ్రేకుపైననే ఉంచి దిగువారికి ప్యాడ్లు కాగి బ్రేకు పట్టు తగ్గు ప్రమాదము కలదు. 2022లో తిరుమల దారిని ప్రవేశపెట్టిన ఆర్టీసీ విద్యుత్తు బస్సులలో ఈ చిక్కు తక్కువ. వాని బ్యాటరీలు పెద్దవి, దిగునపుడు వచ్చిన శక్తిని దాచుకొన జాలును. 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో రైళ్ళు సయితము ఆగునపుడు పుట్టు విద్యుత్తును తీగలకు తిరిగి ఇచ్చును.

బండి సంరక్షణ విషయమున నొక మాట. మోటారు పని పంచుకొనుటచే బ్రేకు ప్యాడ్లు ఎక్కువకాలము మన్నును. కాని వాడని కత్తిపీటకు త్రుప్పు పట్టునట్లు, అరుదుగ వాడు డిస్కునకు గూడ త్రుప్పు పట్టవచ్చును. సముద్రపు గాలి తగులు మన తీరప్రాంతమున ఈ భయ మధికము. అరిగిపోలేదుగదా యని ఉపేక్షింపక, సర్వీసునకు పంపినప్పుడెల్ల బ్రేకులను విప్పించి చూపించుకొనుట మేలు.

బండి కొనవలెనని ఇంటిలో మాట వచ్చినపుడు సోదరీమణులు మూడు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. ఇది స్వల్ప హైబ్రిడ్డా, పూర్ణ హైబ్రిడ్డా? మన తిరుగుడు ఎక్కువగా ఏ దారులలో? ఏటికి మిగులు పెట్రోలు సొమ్మును ఎక్కువ పెట్టిన వెలతో పోల్చిన, ఎన్నేండ్లకు సరిపోవును? ఈ మూడింటికి సమాధానము కాగితముపై వ్రాసి చూచుకొన్నపిదపనే బయానా ఇయ్యవలెను. బండి వచ్చిన తరువాత దానిని నడపువారు భర్తయైనను, బిడ్డయైనను, తామే యైనను, మెత్తగా ఆపుటయు, కొండ దిగునపుడు బి స్థానమును మఱవకుండుటయు అలవాటు చేసికొన్నచో, సొమ్మునకు సొమ్మును దక్కును, ఇంటిల్లిపాదియు క్షేమముగా ఇల్లు చేరుదురు.