మేకు దిగినా మండని పెట్టె

2020 మార్చి చివర్లో చైనాలోని షెన్‌జెన్ నుంచి ఒక వీడియో బయటికొచ్చింది. బల్ల మీద ఒకటి తర్వాత ఒకటిగా మూడు బ్యాటరీలు పెట్టారు. ఒక్కోదాని మీదా కోడిగుడ్డు కొట్టి పోశారు. పైనుంచి ఒక ఉక్కు మేకు నెమ్మదిగా బ్యాటరీలోకి దిగింది. మొదటిది నికెల్, కోబాల్ట్, మాంగనీస్ కలిసిన బ్యాటరీ. మేకు దిగీ దిగగానే ఢామ్మని పేలి మంటలు ఎగజిమ్మాయి, గుడ్డు ఎగిరిపోయింది. దాని వేడి 500 డిగ్రీలు దాటింది. రెండోది ఇనుము, ఫాస్ఫేట్‌లతో చేసిన పాత తరహా దిమ్మ. మంట రాలేదు గానీ పొగ చిమ్మింది, గుడ్డు మాడిపోయింది. మూడోది కూడా ఇనుముదే, కాకపోతే పొడవాటి పట్టీలా ఉంది. మేకు దిగింది. ఏమీ కాలేదు. గుడ్డు సొన పచ్చిగానే అటూ ఇటూ జారుతోంది. పైన వేడి 30 నుంచి 60 డిగ్రీలట, అంటే మన ఎండాకాలంలో రేకుల కప్పు అంతకన్నా కాలుతుంది.

కంపెనీ తన సరుకు గురించి తానే తీసుకున్న వీడియో కాబట్టి ఆ మేరకు కొంత తగ్గించుకునే చూడాలి. కానీ ఆ మూడో పట్టీ నిజం. దాని పేరు బ్లేడ్ బ్యాటరీ, చేసింది బీవైడీ. ఈ రోజు ఫోక్స్‌వ్యాగన్, రెనో, స్టెల్లాంటిస్ వంటి ఐరోపా కంపెనీలకు నిద్ర పట్టకుండా చేస్తున్న చైనా కార్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ధరలు, సబ్సిడీలు, సుంకాల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అసలు కథ ఆ పట్టీ లోపల ఉన్న బూడిదరంగు పొడిలో కనిపిస్తుంది. ఆ పొడి చైనాలో పుట్టలేదు.

పుట్టిల్లు అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్. అక్కడి ప్రయోగశాల పెద్ద జాన్ గుడినఫ్. తల్లిదండ్రులు అమెరికన్లే అయినా ఆయన పుట్టింది 1922లో జర్మనీలోని యేనాలో. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా కోబాల్ట్ ఆక్సైడ్‌ను లిథియం బ్యాటరీకి ధనధ్రువంగా వాడొచ్చని చూపించింది ఆయన బృందమే. 1991లో సోనీ దాన్ని సరుకుగా మార్చాక మన చేతుల్లోకి కెమెరాలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వచ్చిపడ్డాయి. కానీ కోబాల్ట్ ఖరీదైనది, పైగా ఎక్కువ భాగం కాంగో గనుల నుంచి రావాలి. ఫోనుకు చిటికెడు సరిపోతుంది. కారుకు కిలోలు కావాలి.

అందుకని గుడినఫ్ చవక లోహాల వేటలో పడ్డారు. ఆ పని భారతదేశం నుంచి వెళ్ళిన అక్షయ పాఢి అనే పరిశోధకుడికి అప్పగించారు. పాఢి ఒక్కో లోహాన్నీ మార్చి మార్చి చూశాడు, ఏదీ కుదరలేదు. చివరికి ఇనుము, ఫాస్ఫేట్‌ల కలయిక దగ్గరికొచ్చాడు. గుడినఫ్ సెలవుల మీద ఊరెళ్ళి వచ్చేసరికి శిష్యుడు ఒక వింత కబురు చెప్పాడు: గురువు కోరిన స్ఫటిక నిర్మాణం రాలేదు, దాని బదులు ప్రకృతిలో ఒలివీన్ అనే ఆకుపచ్చ రాయికి ఉండే నిర్మాణం వచ్చింది, అందులోకి లిథియం చక్కగా వెళ్ళి వస్తోంది. 1997లో వచ్చిన పత్రం మీద వరుసగా మూడు పేర్లున్నాయి: పాఢి, నంజుండస్వామి, గుడినఫ్. మొదటి రెండూ మనవాళ్ళ పేర్లేనని వేరే చెప్పక్కర్లేదు.

ఈ పదార్థం గొప్పతనం ఏమిటో తెలియాలంటే బ్యాటరీ ఎందుకు తగలబడుతుందో తెలియాలి. మంటకు మూడు కావాలి: మండేది, వేడి, ఆక్సిజన్. లిథియం బ్యాటరీ లోపలి ద్రవం ఎలాగూ మండే గుణమున్నదే. కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు బాగా వేడెక్కితే తమలోని ఆక్సిజన్‌ను తామే వదిలేస్తాయి. ఇక బయటి గాలితో పని లేదు, మూడూ ఒకే పెట్టెలో ఉన్నట్టే. అందుకే అలాంటి మంటలు ఆర్పడం అగ్నిమాపక సిబ్బందికి తలకు మించిన పని. ఐరన్ ఫాస్ఫేట్‌లో అలా కాదు. అక్కడ ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ సంకనెత్తుకున్న పిల్లను దించని తల్లిలా పట్టుకుని ఉంటుంది. ఎంత వేడెక్కినా ఒక పట్టాన వదలదు. ఇనుము చవక, ఫాస్ఫేట్ మన పొలాల్లో వేసే ఎరువు జాతిది. కోబాల్ట్ బెడద లేదు, వేలసార్లు ఛార్జి చేసినా ఓపిక తగ్గదు.

ఇన్ని సుగుణాలున్న దానికి సంబంధాలు ఎందుకు కుదరలేదంటే, లోపాలూ గట్టివే. ఒకటి, బరువు. అదే బరువున్న నికెల్ సెల్లుతో పోలిస్తే ఇది దాచుకునే శక్తి సుమారు మూడో వంతు తక్కువ. రెండు, చలి పడదు. మూడు, విద్యుత్తు దీని గుండా సరిగా పారదు. ఈ మూడో రోగానికి మందు కెనడాలో దొరికింది. మిషెల్ అర్మాన్ వంటి శాస్త్రవేత్తలు ఆ పొడిలోని రేణువులను సన్నగా చేసి, ఒక్కో రేణువుకూ కార్బన్ పూత పట్టించారు. కంటికి కాటుక దిద్దినట్టన్నమాట. ఆ కాటుక మీదుగా ఎలక్ట్రాన్లు పరుగెత్తాయి.

అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ యెట్-మింగ్ చియాంగ్ 2001లో ఎ123 సిస్టమ్స్ అనే కంపెనీని మొదలుపెట్టి ఈ సెల్లుల మీదే పెద్ద ఆశలు పెట్టుకున్నాడు. ప్రభుత్వ సాయం కూడా అందింది. అయినా 2012 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా తీసింది. మరుసటి ఏడు చైనాకు చెందిన వాన్‌షాంగ్ దాన్ని కొనుక్కుంది. ఐరోపా, అమెరికా, జపాన్ కంపెనీలు ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు అన్న పందెంలో పడి నికెల్ వైపు వెళ్ళిపోయాయి. పేటెంట్లు చేతిలో ఉన్న కెనడా, ఫ్రాన్స్ సంస్థలు చైనా తయారీదార్లతో ఒక అవగాహనకు వచ్చాయి: సొంత దేశంలో అమ్ముకుంటే రుసుము అక్కర్లేదు. అప్పట్లో అదేమంత పెద్ద వరంలా కనిపించి ఉండదు. కానీ పేటెంట్ల గడువు తీరేదాకా, అంటే 2022 వరకు, ఆ సెల్లు చైనా పెరట్లోనే ఎరువూ నీరూ అందుకుని ఏపుగా పెరిగింది.

ఆ పెరటి తోటమాలి వాంగ్ చువాన్‌ఫు. 1966లో అన్హుయ్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే అన్న, అక్కల చేతుల మీదుగా చదువుకున్నాడు. లోహశాస్త్రం చదివి, బీజింగ్‌లో ప్రభుత్వ పరిశోధన ఉద్యోగం చేస్తూ, అది వదిలేసి 1995లో చుట్టం దగ్గర అప్పు తీసుకుని 20 మందితో షెన్‌జెన్‌లో బీవైడీ అనే బ్యాటరీల కంపెనీ పెట్టాడు. జపాన్ నుంచి యంత్రాల వరస తెచ్చుకునే స్తోమత లేదు. ఆ యంత్రం చేసే పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి మనుషుల చేత చేయించాడు. దుమ్ము, తేమ లేని గది కట్టలేక చేతులు దూర్చి పనిచేసే అద్దాల పెట్టెలు పెట్టాడు. కొన్నేళ్ళలోనే మోటరోలా, నోకియా ఫోన్లలో ఆయన బ్యాటరీలు చేరాయి.

2003లో షియాన్‌లో కుంటుతున్న ఒక కార్ల ఫ్యాక్టరీని కొంటానన్నప్పుడు మదుపుదార్లు గగ్గోలు పెట్టి షేర్లు అమ్ముకున్నారు. మొదట్లో వచ్చిన ఎఫ్3 కారు చూసినవాళ్ళకు టొయోటా కరోలా గుర్తొచ్చేది, అది యాదృచ్ఛికమని ఎవరూ అనుకోలేదు. 2008లో వారెన్ బఫెట్ కంపెనీ 23 కోట్ల డాలర్లు పెట్టి సుమారు పదో వంతు వాటా తీసుకుంది. 2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ పేరెత్తగానే ఎలాన్ మస్క్ పగలబడి నవ్వాడు. 2023 చివరి మూడు నెలల్లో పూర్తి ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాల్లో బీవైడీ టెస్లాను దాటింది.

ఈ మధ్యలో ఇంకో మనిషి గురించి చెప్పకపోతే కథ కుంటుతుంది. వాన్ గాంగ్ జర్మనీలో డాక్టరేట్ చేసి, ఆపైన ఆడీ కంపెనీలో సుమారు పదేళ్ళు ఇంజినీరుగా పనిచేశాడు. పెట్రోలు ఇంజిన్లలో ఐరోపాను చైనా ఎన్నటికీ అందుకోలేదని లోపలి నుంచి చూసినవాడు. అందుకే, అందుకోలేని చోట పరుగెత్తడం దండగ, వేరే దారి పట్టాలని తన ప్రభుత్వానికి చెప్పాడు. 2007లో అదే ప్రభుత్వంలో శాస్త్ర సాంకేతిక మంత్రి అయ్యాడు. 2009 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు సబ్సిడీలు మొదలయ్యాయి. 2017 చివరికి షెన్‌జెన్ నగరంలో 16 వేలకు పైగా సిటీ బస్సులన్నీ కరెంటువే. బస్సుకు బరువు పెద్ద లెక్క కాదు, మంటల భయం ఉండకూడదు, రోజూ ఛార్జి చేసినా ఏళ్ళ తరబడి మన్నాలి. ఇనుప సెల్లుకు అంతకన్నా మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? మన తిరుమల ఘాట్ రోడ్డెక్కే కరెంటు బస్సులు చేసిన హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా కూడా బీవైడీ పరిజ్ఞానంతోనే బస్సులు మొదలుపెట్టింది.

బస్సు సరే, కారులో చోటెక్కడిది? ఇక్కడే బ్లేడ్ అవసరపడింది. అప్పటిదాకా సెల్లుల్ని చిన్న డబ్బాల్లో సర్ది, ఆ డబ్బాల్ని పెద్ద పెట్టెలో బిగించేవాళ్ళు. గోడలు, పట్టీలు, బోల్టులు పోగా అసలు సరుకుకు మిగిలే చోటు పెట్టెలో సగమైనా ఉండేది కాదు. బీవైడీ ఇంజినీర్లు మధ్యలోని డబ్బాలు తీసేశారు. సెల్లును గజానికి రెండంగుళాలు ఎక్కువ పొడవు, బెత్తెడు ఎత్తు, చిటికెనవేలి మందం ఉండేలా సాగదీశారు. వాటిని పక్కపక్కనే నిలబెట్టి పెట్టె ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించారు. ఇంటికి దూలాలు వేసినట్టు సెల్లులే పెట్టెకు బలమయ్యాయి. పలచగా ఉండటంతో లోపల పుట్టిన వేడి తొందరగా బయటికి పోతుంది, మేకు దిగినా గుడ్డు ఉడకకపోవడానికి అదీ ఒక కారణం. పెట్టెలో సరుకు పట్టే చోటు సగానికి సగం పెరిగిందని కంపెనీ లెక్క. రసాయనంలో ఉన్న వెలితిని సర్దుబాటుతో పూడ్చారు. 2020 వేసవిలో వచ్చిన హాన్ అనే పెద్ద కారులో ఇది తొలిసారి రోడ్డెక్కింది. ఆ కారు రూపురేఖలు దిద్దిన బృందానికి పెద్ద వోల్ఫ్‌గాంగ్ ఎగ్గర్, పూర్వం ఆడీ కార్ల రూపశిల్పి.

ఐరోపా ఈ కాలమంతా ఏం చేస్తోంది? ఇంజిన్ చేస్తోంది. నూరేళ్ళకు పైగా పిస్టన్లు, గేర్లు, డీజిల్ చిమ్మే సూదులను అరగదీసి అరగదీసి సంపాదించిన నైపుణ్యం అది, తీసిపారేసేది కాదు. కానీ ఎలక్ట్రిక్ కారులో అదంతా లేదు. ఖర్చులో అతి పెద్ద పద్దు బ్యాటరీది, ఆ బ్యాటరీ మాత్రం వాళ్ళ చేతిలో లేదు. 2015లో డీజిల్ పొగ పరీక్షల్లో ఫోక్స్‌వ్యాగన్ మోసం బయటపడ్డాక గానీ ఆ కంపెనీ కరెంటు వైపు గట్టిగా తిరగలేదు. 1984లో షాంఘైలో ఉమ్మడి కంపెనీ పెట్టి చైనా వాళ్ళకు కార్లు చేయడం నేర్పినవాళ్ళలో ఫోక్స్‌వ్యాగన్ ఒకటి. ఏళ్ళ తరబడి అక్కడ అమ్మకాల్లో మొదటి పేరు కూడా దానిదే. 2023లో ఆ పీట బీవైడీకి పోయింది.

సొంత బ్యాటరీ చేసుకుందామని ఐరోపా పడిన ఆరాటానికి స్వీడన్‌లోని నార్త్‌వోల్ట్ గుర్తు. 2016లో మొదలైంది, మోటారు కంపెనీలు వేల కోట్లు గుమ్మరించాయి. సెల్లులు అనుకున్న నాణ్యతతో, అనుకున్న వేగంతో బయటికి రాలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరును వెనక్కి తీసుకుంది. 2025 మార్చిలో కంపెనీ స్వీడన్‌లో దివాలా దరఖాస్తు పెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరి చివర్లో బ్రస్సెల్స్‌లోని ఆడీ ఫ్యాక్టరీ మూతపడింది.

2024 జనవరిలో బీవైడీ తన కార్ల కోసమే తెచ్చుకున్న ఓడ, ఐదువేలకు పైగా కార్లతో షెన్‌జెన్ నుంచి బయలుదేరి, ఫిబ్రవరిలో జర్మనీలోని బ్రెమర్‌హాఫెన్ రేవులో ఆగింది. ఆ వేసవిలో జర్మనీలోనే జరిగిన ఐరోపా ఫుట్‌బాల్ పోటీల్లో మైదానం చుట్టూ బీవైడీ బోర్డులు వెలిగాయి. అంతకుముందు పోటీలో ఆ చోటు ఫోక్స్‌వ్యాగన్‌ది. ఇంటిపెళ్ళిలో పొరుగువాడు పందిరి వేసినట్టు ఉండి ఉంటుంది వాళ్ళకు.

చైనా సర్కారు సాయంతో ఇంత చవకగా అమ్ముతున్నారని విచారణ జరిపి, 2024 అక్టోబరు చివర్లో ఐరోపా సమాఖ్య అదనపు సుంకాలు వేసింది. మామూలు 10 శాతానికి తోడు బీవైడీకి 17, గీలీకి 18.8, ఎంజీ కార్లు చేసే ఎస్ఏఐసీకి 35.3 శాతం. విచిత్రం ఏమిటంటే, ఓటింగులో జర్మనీ ఈ సుంకాలను వ్యతిరేకించింది. తన కార్లకు చైనా పెద్ద అంగడి, పైగా బీఎండబ్ల్యూ మినీ లాంటివి చైనాలోనే తయారై వస్తున్నాయి. సబ్సిడీల మాట అబద్ధం కాదు. చైనాలోని ధరల యుద్ధంలో చిన్న కంపెనీలు నలిగిపోవడమూ అబద్ధం కాదు. బ్రెజిల్‌లో బీవైడీ ఫ్యాక్టరీ కడుతున్న చోట 163 మంది చైనా కూలీలను వెట్టిచాకిరీ లాంటి స్థితి నుంచి అధికారులు విడిపించిన సంగతీ మరవకూడదు. అయినా డబ్బు పోస్తేనే సెల్లు పుట్టేటట్టయితే ఎ123, నార్త్‌వోల్ట్ బతికి ఉండేవి. సుంకాలు పడ్డాక కూడా 2025లో బీవైడీ తన చిన్న కారు డాల్ఫిన్ సర్ఫ్‌ను జర్మనీలో 22,990 యూరోలకే నిలబెట్టింది. హంగరీలోని సెగెడ్‌లో ఫ్యాక్టరీకి కూడా పునాది పడింది.

ఐరోపా కంపెనీలు కూడా ఊరుకోలేదు, శిష్యుడి దగ్గరే శిష్యరికానికి చేరాయి. స్టెల్లాంటిస్ 150 కోట్ల యూరోలతో చైనా కార్ల కంపెనీ లీప్‌మోటర్‌లో ఐదో వంతు వాటా కొంది. రెనో తన కొత్త ట్వింగోను చైనాలో ఇంజినీర్ల చేత రెండేళ్ళలోపే రూపొందించి, అందులో ఇనుప సెల్లులే పెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ మరో చైనా కార్ల కంపెనీ షియాపెంగ్‌లో వాటా తీసుకుంది. అంతకుముందే గోషన్ అనే చైనా బ్యాటరీ కంపెనీలో సుమారు పాతిక శాతం కొని అతిపెద్ద వాటాదారు అయింది.

ఆ గోషన్ పేరు మన పాలమూరులో కూడా వినిపించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీ కడుతున్న అమరరాజా, 2024 జూన్‌లో గోషన్‌కు అనుబంధమైన స్లొవేకియా కంపెనీతో ఇనుప సెల్లుల పరిజ్ఞానం కోసం ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడు జులైలో చైనా వాణిజ్య శాఖ, అనుమతి లేకుండా దేశం దాటించకూడని సాంకేతిక పరిజ్ఞానాల జాబితాలో కొత్త పద్దులు చేర్చింది. వాటిలో ఒకటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ధనధ్రువ పదార్థం తయారీ. ఆస్టిన్ నుంచి పాఢి పత్రం వచ్చిన నాటికీ, ఆ కాగితానికీ మధ్య ముప్ఫై ఏళ్ళు కూడా లేవు.