ఆటగాడి విడుదల – వేతన పరిమితి: ఒక పరిశీలన

ఆటగాడిని వదులుకుంటే జట్టుకు మిగిలేదెంత అన్నది ఒప్పంద నియమాలను బట్టి ఉంటుంది. ఉత్తర అమెరికా మంచు హాకీ లీగ్ (ఎన్.హెచ్.ఎల్.)లో 26 ఏళ్లు నిండిన ఆటగాడి ఒప్పందాన్ని ముందే ముగించే జట్టు, మిగిలిన వేతనంలో మూడింట రెండు వంతులను రెట్టింపు కాలంలో చెల్లించాలి. ఏటా 3 కోట్ల చొప్పున రెండేళ్లు మిగిలాయనుకుందాం. చెల్లించవలసిన 4 కోట్లు నాలుగేళ్లకు విస్తరిస్తాయి. వేతన పరిమితిలో తొలి రెండేళ్లు ఏటా 2 కోట్ల వెసులుబాటు. ఆపై రెండేళ్లు, జట్టులో లేని మనిషి పేర ఏటా కోటి భారం.

ఐ.పి.ఎల్.లో ఈ భారం లేదు. ఆ సౌలభ్యమే తొందరపాటుకు తావిస్తుందని నా అభిప్రాయం. 2022 నవంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ కేన్ విలియమ్సన్‌ను విడుదల చేయగా 14 కోట్లూ వేలం నిధిలో చేరాయి. డిసెంబరులో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు వెచ్చించింది. 11 మ్యాచ్‌లలో అతడు చేసినవి 190 పరుగులు. అందులో 100 ఒక్క ఇన్నింగ్స్‌వే. 2023 నవంబరులో అతడినీ వదులుకుంది. మరుసటి నెల వేలంలో ఢిల్లీ అతడిని 4 కోట్లకే కొన్నది.