టమాటా సూపు

తెలుగువారి వంటింట టమాటా లేని రోజు నేడు అరుదు. అయినా ఇది ఈ నేలపై పుట్టిన పంట కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దీని పుట్టినిల్లు. మెక్సికో ప్రజలు దీనిని శ్రద్ధగా సాగుచేశారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశీయులు ఐరోపాకు తీసుకొనిపోగా, క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. తెలుగునాట దీనికి సీమవంకాయ, రామములగ అనే పేర్లు ఏర్పడ్డాయి. వంకాయ, మిరప, బంగాళదుంప దీని కుటుంబానికి చెందినవే. పప్పులోను, పచ్చడిలోను, చారులోను కలిసిపోయి ఈ పరదేశపు పండు తెలుగు రుచిగా మారింది.

పాశ్చాత్యుల భోజనంలోని సూపు, తెలుగువారి చారుకు దగ్గరి చుట్టం వంటిది. చారు పలుచనిది; పోపు దానికి ప్రాణం. సూపు చిక్కనిది, పండు గుజ్జే దానికి ప్రాణం. కనుక పండు ఎంపికలోనే సూపు రుచి సగం తేలిపోతుంది. నలుగురికి సరిపడే సూపుకు బాగా పండిన టమాటాలు అరకిలో, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు మూడు, చిన్న క్యారెట్ ఒకటి, వెన్న ఒక చెంచా, నీరు రెండు కప్పులు, ఉప్పు, మిరియాల పొడి తగినంత ఉంటే చాలు.

టమాటాల అడుగున కత్తితో గాటు పెట్టి, మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో వేయాలి. అప్పుడు తొక్క సులభంగా ఊడివస్తుంది. స్టీలు గిన్నెలో వెన్న కరిగించి ఉల్లి, వెల్లుల్లి ముక్కలను మెత్తబడేవరకు వేయించాలి. పులుపు అల్యూమినియంతో చర్య జరుపుతుంది కనుక ఆ పాత్ర తగదు. తరువాత టమాటా, క్యారెట్ ముక్కలు, నీరు చేర్చి, మూతపెట్టి, సన్నని సెగపై ఇరవై నిమిషాలు ఉడికించాలి. క్యారెట్ తీపి టమాటా పులుపును అణచుతుంది. ఉడికిన ముక్కలను చల్లార్చిన పిదపనే మిక్సీలో వేయాలి. వేడిగా వేస్తే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు కాలే ప్రమాదం ఉంది. మెత్తని గుజ్జును వడగట్టి, ఉప్పు వేసి, మరల ఒక పొంగు రానివ్వాలి. మిరియాల పరిమళం ఎక్కువ వేడికి ఎగిరిపోతుంది కనుక ఆ పొడిని దించిన తరువాతనే చల్లాలి.

టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం కొవ్వులో కరుగుతుంది. పండును ఉడికించినప్పుడు, కొద్దిపాటి కొవ్వు తోడైనప్పుడు శరీరం దానిని మరింత బాగా గ్రహిస్తుంది. సూపులో వెన్న వేయడంలోని అంతరార్థం ఇదే. అయితే వేడికి విటమిన్-సి కొంత నశిస్తుంది. కనుక పచ్చి టమాటా ముక్కలను కూడా భోజనంలో చేర్చుకోవడం మేలు. ఇంట చేసిన సూపులో ఉప్పు ఎంత వేయాలో నిర్ణయించే అధికారం వండేవారి చేతిలోనే ఉంటుంది. రక్తపోటు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఈ వంటకానికి మరొక ప్రయోజనం ఉన్నది. రాయలసీమలోని మదనపల్లె టమాటా మార్కెట్‌కు ప్రసిద్ధి. 2023 జూలైలో దేశంలో అనేక చోట్ల కిలో టమాటా ధర వంద రూపాయలు దాటింది. మరికొన్ని కాలాలలో కోతకూలి కూడా గిట్టక రైతులు పంటను రోడ్ల పక్కన పారబోస్తుంటారు. టమాటాలో సుమారు 94 శాతం నీరే కావడం వల్ల అది త్వరగా పాడవుతుంది. మంచి ధర వచ్చేవరకు రైతు దానిని దాచుకోలేడు. బాగా పండి మెత్తబడినదని కొనేవారు పక్కకు నెట్టే పండు, కుళ్ళు గాని బూజు గాని లేనిదైతే, సూపుకు ఎంతో శ్రేష్ఠం. ధర తగ్గిన రోజులలో నాలుగు కిలోలు కొని, ఉడికించి, గుజ్జును ఫ్రీజర్‌లో దాచుకొంటే కొన్ని నెలలపాటు సూపుకు పనికివస్తుంది. ఒక ఇంటి కొనుగోలుతో మార్కెట్ ధర మారదు. కాని అనేక ఇళ్ళు ఈ అలవాటు చేసుకొంటే పారబోతకు గురయ్యే పంటలో కొంతైనా పళ్ళెం చేరుతుంది. పండించినవాని చెమట వృథా కాకుండా చూడటం కూడా పాకశాస్త్రంలో ఒక భాగమే.