ఆ గడ్డి ఎందుకు కోయించడం లేదంటే...

గత పీటీఎంలో నన్ను ఎక్కువ మంది అడిగింది మార్కుల గురించి కాదు. "ఇంత ఫీజు కడుతున్నాం, జూనియర్ బ్లాక్ వెనకాల ఆ గడ్డి కోయించలేరా మేడమ్?" అని. అడగడంలో తప్పేమీ లేదు. అక్కడ షటిల్ కోర్టు వేయాలన్న ప్రతిపాదన కూడా ఉంది. వచ్చే పీటీఎంలో మీ అభిప్రాయం తీసుకుంటారు. ఈలోగా అక్కడ మీ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చెబుతాను.

సోషల్ పాఠాల్లో 'ప్రేరీ' అనే మాట వస్తుంది. ఉత్తర అమెరికా గడ్డి మైదానాలు అని బట్టీపట్టి రాసేస్తారు. గడ్డే కదా అనుకుంటారు. కానీ అక్కడి పొడవాటి గడ్డి వేళ్లు రెండు మీటర్లకు పైగా లోతుకు దిగుతాయి. ఏటా కొన్ని వేళ్లు చచ్చి, కుళ్లి, ఆ నేలను నల్లగా సారవంతంగా మార్చాయి. ఆ సారం కోసమే మైదానాలను దున్ని మొక్కజొన్న, గోధుమ వేశారు. పోయినదాన్ని మళ్లీ పెంచాలని విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌లో 1935లో ఒక పాత పొలంలో పని మొదలుపెట్టింది. అదే కర్టిస్ ప్రేరీ. చెట్లూ పొదలూ గడ్డిని కమ్మేయకుండా అక్కడ అప్పుడప్పుడు కావాలనే నిప్పు పెడతారు. (మన దగ్గర ఆ ప్రయోగం చేయం, కంగారు పడకండి.)

మనకూ గడ్డి మైదానాలున్నాయి. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైంది. పేరులో అరణ్యం ఉన్నా అక్కడ ఎక్కువగా ఉండేది గడ్డే. ఆ పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది. ఖాళీగా ఉందని అలాంటి చోట చెట్లు నాటితే దాని ఇల్లు తీసేసినట్టే.

ఇక మన స్థలం. ఏడో తరగతి పిల్లలు మీటరు పొడవు, మీటరు వెడల్పున తాడు కట్టి, అందులోని మొక్కలు లెక్కపెట్టారు. ఐదారు రకాలుంటాయని నేననుకున్నాను. పదకొండు చూపించారు. వినాయక చవితికి మీరు కొనే గరిక, బతుకమ్మలో పేర్చే గునుగు అక్కడే ఉన్నాయి. తుంగ అసలు గడ్డి కాదని, దాని కాడ మూడు పలకలుగా ఉంటుందని వేళ్ల మధ్య తిప్పి చూసి తెలుసుకున్నారు. జూన్‌లో గడ్డి అంచున కంకరలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. తీతువు అరిస్తే కీడని ఇంట్లో విన్న ఒక పాప, గుడ్లు పిల్లలయ్యేదాకా అటువైపు ఎవరినీ బంతి ఆడనివ్వలేదు.

పాముల భయం నాకూ ఉంది. అందుకే నడిచే దారిని వారం వారం కోయిస్తున్నాం. బూట్లు లేకుండా, టీచర్ లేకుండా ఎవరినీ లోపలికి పంపం. మిగతా గడ్డిని విత్తనాలు రాలాక, ఏడాదికి ఒక్కసారి కోస్తాం.

ఈ నెల రెండో శనివారం ఉదయం 9 గంటలకు పిల్లలే మీకు ఆ స్థలం చూపిస్తారు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రండి. చూశాక కోర్టు కావాలనిపిస్తే పీటీఎంలో అదే చెప్పండి.