వైరసునకు మన యింటి పొయ్యి

దిల్‌సుఖ్‌నగరులో పోటీ పరీక్షలకై వచ్చి హాస్టళ్లలో నుండు విద్యార్థులను చూడనివారు అరుదు. వారి గదిలో మంచము, పుస్తకములు తప్ప వేరు సామగ్రి యుండదు. భోజనము హాస్టలు వంటశాలనుండి రావలసినదే. ఊపిరితిత్తులలో జొరబడు వైరసు స్థితియు నిట్టిదే (విద్యార్థులు మమ్ము క్షమింతురుగాక!). దానికి స్వంత వంటశాల లేదు. మన కణములోని ప్రోటీనులు సిద్ధపరచిన యింధనముతోనే అది తన సంతతిని పెంచుకొనును.

మందును వైరసుమీదనే ప్రయోగించుట మనమెరిగిన పద్ధతి. కాని వైరసు తరచు రూపు మార్చును. నిన్నటి మందు నేడు దానిపై పనిచేయకపోవచ్చును. మన ప్రోటీను అట్లు మారదు. కావున దానినే కొన్నాళ్లు అదుపులో నుంచరాదా యని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి.

ఎల్.బి. నగరునుండి నాగోలు, ఉప్పలు మీదుగా పోయినచో హబ్సిగూడలో సి.సి.ఎం.బి. పరిశోధనాలయము వచ్చును. 2020 ఏప్రిలులో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఇన్మాస్ శాస్త్రజ్ఞులు దాని సాయముతో 2-డీఆక్సీ-డి-గ్లూకోజు అను పదార్థమును కోవిడ్ వైరసుపై పరీక్షించిరి. అది చక్కెర వేషముతో కణములోనికి పోవును. హెక్సోకైనేజు అను మన ప్రోటీను దానిని అసలైన గ్లూకోజే యని నమ్మి, ఫాస్ఫేటును తగిలించును. ఆపైన పని ముందుకు సాగదు, పొయ్యి మందగించును. వైరసు సోకిన కణము చక్కెరను అధికముగా లాగుకొనును గనుక ఈ దొంగచక్కెరయు నందే ఎక్కువగా చేరునని వారి ఊహ.

2021 మే 1న దీని అత్యవసర వినియోగమునకు అనుమతి లభించినది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీనిని నీటిలో కలుపుకొని త్రాగు పొడిగా పొట్లములలో విడుదల చేసెను. 220 మందిపై జరిగిన పరీక్షలో, మూడవనాటికి ఆక్సిజను అవసరము తీరినవారు ఈ మందు పుచ్చుకొన్నవారిలో 42 శాతము, తక్కినవారిలో 31 శాతమని ప్రకటించిరి. సిలిండరుకై అర్ధరాత్రి తిరిగిన కుటుంబములకు ఆ తేడా ఎంత ఆశ గొలిపినదో మేమెరుగుదుము. అయినను 220 చిన్న సంఖ్య. దానినిబట్టి మరణములు తగ్గునని చెప్పజాలము.

పైగా పొయ్యి ఆర్పినచో అతిథితోపాటు ఇంటివారును పస్తుందురు. హెక్సోకైనేజు లేనిదే మెదడునకు శక్తి అందదు. అందుచే ఇట్టి మందునకు మోతాదే ప్రాణము.

ఇంతకంటె గట్టి ఋజువు దొరికినది, వైరసును గాక మన శరీరపు అతివాపును అణచు మందులకే. 2020లో డెక్సామెథసోను, వెంటిలేటరుపై నున్న రోగులలో మరణములను మూడవవంతు తగ్గించినది. జానస్ కైనేజులను నిలుపు బారిసిటినిబును, తీవ్రరోగులకు స్టెరాయిడుతో కలిపి యిచ్చుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో సిఫారసు చేసెను. అదే డెక్సామెథసోను ఆక్సిజను అవసరములేని రోగికి మేలు చేయలేదు. మధుమేహులకు రక్తములో చక్కెరను పెంచును. వైద్యుని చీటి లేక దుకాణములో కొనితెచ్చుకొన్నవారికి ఈ సంగతి చెప్పువారు లేకపోయిరి.