మచ్చ మళ్లీ అక్కడే ఎందుకు లేస్తుంది?

విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో ఓ మాత్ర అడిగి వేసేసుకోవడం మనకు మామూలే. అలా టినిడజోల్ కలిసిన మాత్ర మింగిన కొందరికి పెదవి మీదో, చేతి మీదో, ఒక్కోసారి చెప్పుకోలేని చోటో గుండ్రంగా ఎర్రటి మచ్చ లేస్తుంది. మంట, దురద. కొన్నాళ్లకు ఎరుపు తగ్గి నల్లమచ్చ మిగులుతుంది. ఎప్పుడో మళ్లీ అదే మందు వేసుకుంటే కొన్ని గంటల్లోనే ఆ మచ్చ సరిగ్గా అక్కడే ఎర్రబడుతుంది. చర్మవైద్యులు దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు.

మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి ఆ ఒక్క చోటే ఎందుకు?

పెన్సిలిన్ పడనివాళ్లకు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేపేవి ఐజీఈ యాంటీబాడీలు. ఇక్కడ నేరం వాటిది కాదు, సీడీ8 టీ కణాలనే రోగనిరోధక కణాలది. వైరస్ సోకిన కణాలను చంపడం వీటి అసలు పని. మొదటిసారి రియాక్షన్ చల్లారాక కూడా వీటిలో కొన్ని వెళ్లిపోకుండా చర్మం పైపొర అడుగునే కావలివాళ్లలా మకాం పెడతాయి. చర్మకణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-15 అనే ప్రొటీన్ వాటిని బతికిస్తుంది. మందు మళ్లీ రాగానే ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా, గ్రాంజైమ్ అనే ప్రొటీన్లను వదిలి చుట్టుపక్కల చర్మకణాలను చంపేస్తాయి. ఈ సంగతి తేల్చడంలో టోక్యోలోని క్యోరిన్ విశ్వవిద్యాలయానికి చెందిన తెత్సువో షియోహరా పరిశోధనలు ముఖ్యమైనవి.

చనిపోయిన కణాల్లోని మెలనిన్ కింది పొరలోకి దిగిపోతుంది. మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగి అక్కడే ఉండిపోతాయి. నలుపుకు కారణం అదే. రంగు అంత లోతున ఉంటే పైన ఫెయిర్‌నెస్ క్రీము ఎంత రుద్దితే ఏం లాభం?

చర్మవైద్యులు అనుమానమున్న మందును పట్టీలో పెట్టి పాత మచ్చ మీద అంటిస్తే చాలామందిలో అది ఎర్రబడుతుంది. వీపు మీద మామూలు చర్మానికి అంటిస్తే సాధారణంగా ఏమీ కాదు. మందు తాలూకు జ్ఞాపకం ఆ మచ్చలోనే ఉందనడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

కోట్రైమాక్సజోల్, ఇబుప్రొఫెన్, ఆఖరికి పారాసిటమాల్ కూడా కొందరికి ఇలా చేస్తాయి. వేసుకున్న ప్రతిసారీ కొత్త మచ్చలు చేరవచ్చు. బ్రాండు మారినా లోపలి మందు అదే కావచ్చు కాబట్టి మందు పేరే రాసిపెట్టుకుని ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించండి. మచ్చలతోపాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల ఎరుపు, చర్మం ఊడటం కనిపిస్తే అది ప్రాణాంతకమైన స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు మాత్ర ఆపేసి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.