పుష్కలమా, గ్లట్టా?

పోయిన వేసవిలో చాట్రాయిలో మా అక్కయ్య వాళ్లింటికి వెళ్లాను. పదో తరగతి చదివే వాళ్లమ్మాయి ఇంగ్లీషు పేపరు పట్టుకొచ్చి, "పిన్నీ, మామిడి గ్లట్ అంటే ఏమిటి?" అంది.

"పుష్కలంగా కాయడం" అనేశాను.

"మంచిదేగా! మరి నాన్న దిగులుగా ఉన్నారేం?"

అప్పుడు గానీ నా పొరపాటు తెలియలేదు. పుష్కలానికి మాట ప్లెంటీ. ఆవకాయకి సరిపడా ఉండి, ఇరుగుపొరుగుకి పంచినా ఇంకా మిగిలితే అది ప్లెంటీ. గ్లట్ బజారు మాట. మింగడమనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. తిండిపోతుని గ్లటన్ అనేదీ అందుకే. కొనేవాళ్లు మింగగలిగినదానికన్నా సరుకెక్కువై ధర పడిపోతే గ్లట్. ఆనందం ఎక్కువైందని 'గ్లట్ ఆఫ్ హ్యాపీనెస్' అని రాశారో, మాస్టారు ఎర్రసిరా తీస్తారు!

బంగినపల్లి, రసాలు పక్వానికొస్తే ఆగవు. చెట్టునుంచితే రాలిపోతాయి. కోస్తే ఎంత ధరకైనా నున్న మార్కెట్టుకి తోలాల్సిందే. 2025లో చిత్తూరు వైపు తోతాపురికీ ఇదే గతి పట్టింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సొచ్చింది.

మనమూ "కొల్లలుగా కాశాయి" అంటాం కదా, కొల్ల అంటే దోపిడీ కూడానూ!

అమ్మాయి నోట్సులో 'గ్లట్ - కాయ ఎక్కువ, ధర తక్కువ' అని రాసుకుంది. అరుగు మీంచి మా బావగారు, "కోత కూలీ, లారీ కిరాయి కూడా రాయవే" అన్నారు.